తెల్ల అట్ట పెట్టని ఫోటో

ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా పరుచుకున్న నల్లటి పుట్టుమచ్చతో పుట్టింది ఆ దర్జీ ఆవిడ. కొత్తగా బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసీ చూడనట్టు అవస్థ పడుతుంటే ఆవిడే ముందు అనేసేది, "దేవుడి దగ్గర సిరాబుడ్డి ఒలికిందండీ, సరిగ్గా కింద నేనున్నాను" అని. దాంతో వాళ్ళ ఇబ్బంది తీరిపోయేది, కొలతల పని మొదలయ్యేది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం, పక్కకి తిరిగి మాట్లాడడం ఆవిడ ఎరగదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు. భర్త పోయాక ఆ ముందుగది, అందులో కిటికీ పక్కన కుట్టుమిషను, ఒక్కగానొక్క కూతురు, ఇదే ఆవిడ లోకం.

కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా బడిలో ఫోటోగ్రఫీ క్లబ్బు పెట్టారు. నడిపేది సైన్సు మాస్టారు. ఉన్నది ఒకే కెమెరా కాబట్టి పిల్లలు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్ళాలి. లైట్లు కొనే స్తోమత బడికి లేదు గనక కిటికీనే లైటనుకోమన్నాడాయన. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెడితే ఒక చెంప వెలుగుతుంది, రెండోది నీడలో మునుగుతుంది. నీడవైపు తెల్లటి థర్మోకోల్ అట్ట నిలబెడితే వెలుగు దానికి తగిలి వెనక్కొచ్చి, మునిగిన చెంపని పైకి తేలుస్తుంది. అదే మొదటి పాఠం. పిల్ల ఇంటికొచ్చి తల్లికి పొల్లుపోకుండా ఒప్పజెప్పింది.

వంతు వచ్చినప్పుడల్లా మోడల్ తల్లే. చొక్కాలకి గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటాను, నీ ఇష్టమొచ్చినట్టు తీసుకోమనేది. మొదట్లో ఫోటోలన్నీ వెలుగెక్కువై తెల్లగా పాలిపోయాయి. ఒకదాంట్లో ఫ్యాను, ఆవిడ సగం ముక్కు తప్ప ఇంకేమీ లేవు. ఇద్దరూ దాన్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రానురాను చెయ్యి కుదిరింది. రెండు చెంపలూ, మచ్చ అంచూ, కళ్ళ కింద ముడతలూ చక్కగా రావడం మొదలెట్టాయి.

ఇంతలో మాస్టారు ప్రదర్శన పెడతానన్నాడు. ఒక్కొక్కరూ ఇంట్లోవాళ్ళ ముఖం ఒకటి తీసి తేవాలి. ఆ వారం పిల్ల స్టూలు జరిపి తల్లిని అటు తిరిగి కూర్చోమంది. అప్పటిదాకా కిటికీవైపున్న ఎడమ చెంప ఇప్పుడు లోపలివైపుకి వెళ్ళింది.

"అట్ట ఏదే? మరిచిపోయావా?" అంది తల్లి.

"ఈసారి వద్దమ్మా."

ఇదేదో రెండో పాఠం కాబోలనుకుంది ఆవిడ. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. కాకి ఆ పిల్లకి ముద్దో కాదో మాత్రం ఎవరూ అడగరు.

ఎన్నాళ్ళకో తనకంటూ కొత్త బట్టలు కుట్టుకుని ప్రదర్శనకి వెళ్ళింది. తరగతి గదిలో తీగలకి ఫోటోలు వేలాడుతున్నాయి. కూతురిది మధ్యలో ఉంది. కుడి చెంప, కుడి కన్ను, పెదవి మీద చిన్న నవ్వు, అంతా మెరుస్తోంది. ముక్కు దాటాక ముఖమే లేదు, నల్లటి చీకటి. నేను ఇంత బాగుంటానా అని ఆవిడ ఒక్క క్షణం మురిసిపోయింది. తర్వాత పక్క ఫోటోలు చూసింది. ఎవరి తాతకైనా, ఎవరి అక్కకైనా రెండు చెంపలూ ఉన్నాయి. అట్ట ఎందుకు వద్దందో అప్పుడు తెలిసింది. పసితనంలో ఆ పిల్ల ఈ మచ్చ అంచు చుట్టూ వేలు తిప్పితే గానీ నిద్రపోయేది కాదు.

మాస్టారు ఆ ఫోటో ముందు నలుగురినీ నిలబెట్టి మెచ్చుకుంటున్నాడు. అందరూ అట్ట పెడితే ఈ అమ్మాయి ఒక్కతే నీడని నీడలాగే వదిలేసే ధైర్యం చేసిందన్నాడు. పిల్ల తల దించుకుని పక్కనే ఉంది. అంతలో ఆయన చూపు దర్జీ ఆవిడ మీద పడింది. ఫోటోలో ఉన్నది ఈవిడేనని పోల్చుకోలేదు.

"మీరు ఎవరి తాలూకమ్మా?" అని మర్యాదగానే అడిగాడు.

ఆవిడ కూతురి వంక చూసింది. పిల్ల ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"నేను దర్జీనండీ. యూనిఫాం కొలతల కోసం వచ్చాను."

మా అమ్మండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? పిల్ల నోరైతే తెరిచింది గానీ ఆ ఒక్క మాటా రాలేదు. ఆవిడ వచ్చిన దారినే ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పిల్ల గుమ్మంలోనే నిలబడి, "ఎందుకలా చెప్పావమ్మా?" అంది.

"నీ ఫోటో బాగా కుదిరిందే తల్లీ. దాని పక్కన నేను నిలబడితే చెడిపోదూ?"

కోపంగా అని ఉంటే పిల్ల తట్టుకునేదేమో. ఆవిడ మామూలుగా అనేసి, సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మళ్ళీ వంతు రాగానే పిల్ల కెమెరా తెచ్చింది. స్టూలు పాత చోటే వేసింది, అట్ట నిలబెట్టింది, కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని బతిమాలి తల్లిని కూర్చోబెట్టింది. కెమెరా పైకి లేవగానే ఆవిడ మెడ మెల్లగా తిరిగింది, మచ్చ వెనక గోడవైపుకి వెళ్ళింది. నేరుగా చూడమ్మా అంటే చూసింది. పిల్ల మళ్ళీ కెమెరా లేపింది, మెడ మళ్ళీ తిరిగింది. మూడోసారి పిల్ల కెమెరా ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమైందే, నేనేం కదల్లేదుగా?" అంది తల్లి. ఆవిడ నిజంగానే అడిగింది.