నోరు చిరిగిన సూర

మా మేనత్త పోయిందని మొన్న ఆదివారం పొద్దున బాపట్ల నుంచి తెనాలికి ఫోనొచ్చింది. తల్లి తర్వాత తల్లి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

అత్త చేప కొనే తీరు చూసి వీధంతా నవ్వేది. టీచరు కదా, చేపకి కూడా పరీక్ష పెట్టేది. సూరంటే, ఇప్పుడు ట్యూనా అంటున్నారే, అదంటే ఆవిడకి ప్రాణం. అయినా జానెడు పిల్లసూరల్ని ఎంత చౌకగా ఇచ్చినా ముట్టేది కాదు. "పిల్లలన్నిటినీ కూరొండుకుంటే రేపు పెద్దవి ఎక్కణ్ణుంచొస్తాయే?" అనేది. మరబోట్ల వలలు చిన్నాపెద్దా చూడకుండా ఊడ్చుకొస్తాయని ఆవిడ కోపం. అందుకే సూర్యలంక నుంచి గంపతో వచ్చే ఒకామె దగ్గరే కొనేది. ఆమె భర్త చిన్న పడవ మీద వెళ్లి గాలంతో ఒక్కొక్కటే పట్టేవాడు.

ఎనభైల్లో నేను రేపల్లె నుంచి కాలేజీ చదువుకి బాపట్ల వచ్చి అత్త ఇంట్లో ఉన్నాను. ఆ కొత్తల్లో ఒకరోజు, అత్త బడికెళ్లాక గంపామె వచ్చింది. సూర నోటి పక్కన చిరిగి ఉంది. "దెబ్బతిన్న సరుకు మాకంటగడతావా? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు" అన్నాను. ఆమె గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాడి దగ్గర నిగనిగలాడే పిల్లసూరలు కొని, గొప్పగా పులుసు పెట్టాను.

అత్త తిట్టలేదు. ఆవకాయతో తినేసి, "అది గాలం దిగిన గుర్తే, పిచ్చిమొద్దూ" అంది.

వారమైనా గంపామె రాలేదు. శనివారం నన్ను వెంటబెట్టుకుని సూర్యలంక బస్సెక్కింది అత్త. "మా పిల్ల తెలియక అందమ్మా. మళ్లీ రా" అని ఆమెని బతిమాలింది.

"ఆయన మరబోటులో కూలికెళ్తానంటున్నాడండి. మీరు కొంటానంటే ఆగుతాడండి" అంది ఆమె.

"నేను బతికున్నన్నాళ్లూ కొంటాను" అంది అత్త. కొంది కూడా. ఆ రోజు క్షమించమనాల్సింది నేను. పొగరు అడ్డొచ్చింది.

మొన్న పాస్టరుగారి ప్రార్థన అయ్యాక చూస్తే, గంపామె సమాధులతోట గోడ పక్కన నిలబడి ఉంది. ముందుకు రమ్మన్నాను.

"చేపల వాసనండి, పెద్దోళ్లంతా ఉన్నారు" అంది.

"ఆ రోజు తప్పు నాది అక్కా, క్షమించు" అన్నాను. ఏళ్లు పట్టింది ఆ మాటకి. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె వంగి అత్త పెట్టె మీద గుప్పెడు మట్టి వేసింది. మట్టంతా రాలిపోయాక కూడా, చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే అత్త మీదుగా చాపి ఉంచింది.