పావు చుట్టు వెనక్కి

నాకు ఒక స్క్రూ లూజని మా లెక్కల సారు ఏడో తరగతిలోనే కనిపెట్టి, బడి గేటు దాకా స్వయంగా సాగనంపారు. ఆయన మాట వమ్ము చేయడం ఇష్టంలేక, ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ స్క్రూలు బిగించే పనిలోనే బతికాను. నాది మాత్రం అలాగే ఉండిపోయింది.

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి, నేనడిగిన పనిముట్టు కోసం ఫోనులో థ్రెడ్ కట్టర్ అని వెతికి, దారం కత్తిరించే బుల్లి కత్తెరలు వరసగా చూపించి, ఇందులో ఏది నాన్నా అని అడిగితే నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు రాకపోవడమంటే మా ఇంట్లో జ్వరం కింద లెక్క. బోల్టు దిగే రంధ్రం లోపల మెలి తిరిగిన గాడి ఉంటుంది చూశారా, దాన్ని కోసే ఉక్కు పనిముట్టును ట్యాప్ అంటారు. కొండాపూర్‌లో ఒక దుకాణానికి వెళ్ళి ట్యాప్ అడిగితే నల్లా తీసి ముందు పెట్టి, స్టీలుదా ఇత్తడిదా అన్నారు. మా కాలంలో, మా షెడ్లలో, ఆ గాడిని చూడీ అనేవాళ్ళం. హిందీలో చూడీ అంటే గాజు కదా, ఆ మాట ఇప్పుడు ఎవరితో అన్నా గాజులే గుర్తొస్తాయి.

నాకూ మొదట గాజులే గుర్తొచ్చాయి లెండి. చందానగర్‌లో బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీ ఇంజన్లు విప్పే ఉస్తాద్ దగ్గర చేరిన మూడో రోజున, చూడీ సెట్ తీసుకురమ్మని ఆయన చెబితే, ఇంట్లో ఆడవాళ్ళకేమో అనుకుని బజారుకు పరుగెత్తి డజను ఎర్రగాజులు తెచ్చాను. ఉస్తాద్ తిట్టలేదు. ట్యాపుల డబ్బా పైన మేకుకు వాటిని తగిలించి, "ఇగ గీ డబ్బానే నీ బీబీ, మంచిగ చూస్కో" అన్నాడు. ఆ డబ్బాలో ఒక్కో సైజుకు మూడేసి ట్యాపులుండేవి, అన్నదమ్ముల్లాగా. సన్నమూతి మొదటిది దారి చూపితే, రెండోది దాన్ని లోతు చేసేది, మూతి చదునైన మూడోది రంధ్రం అడుగుదాకా చూడీ కోసేది. అర చుట్టు ముందుకు తిప్పితే పావు చుట్టు వెనక్కి తిప్పాలి, అప్పుడే కోసిన పొట్టు తెగి రాలుతుంది, లేదంటే అది లోపల ఇరుక్కుని ట్యాప్ విరుగుతుంది. తిప్పేటప్పుడు నా వాగుడు మొదలైతే చాలు, ఉస్తాద్ మెడ మీద ఒక్కటిచ్చి, "నోరు బంద్, చేయి చాలూ" అనేవాడు, నోరు ఆపి చేయి ఆడించమని.

ఆయన పోతూ ఆ డబ్బా నాకే ఇచ్చాడు. షెడ్డున్న జాగా అమ్ముడుపోయిన రోజున, ఇక ఇవెవడికి కావాలని, సామాన్లతోపాటు ఆ డబ్బానూ నా చేతులతోనే పాత ఇనుము కింద తూకానికి వేశాను. మేకుకున్న గాజులను మాత్రం మా ఇంటావిడ తీసి దాచుకుంది.

మళ్ళీ ఆ ట్యాపే ఎందుకు కావలసివచ్చిందంటే, మా బావమరిది వల్ల. పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లకు నీళ్ళు తోలే పాత టాంకరు తప్ప అతనికి వేరే బతుకుదెరువు లేదు. దాని ఇంజన్ బ్లాకులో ఒక బోల్టు రంధ్రానికి చూడీ అరిగిపోయింది. వర్క్‌షాపులవాళ్ళు బ్లాకే మార్చమన్నారు, ఆ బ్లాకు తయారవడం మానేసి ఎన్నేళ్ళయిందో. రంధ్రం కొద్దిగా పెంచి కొత్త చూడీ కొట్టాలి, అదీ పాత ఇంచుల సైజులోనే. ఇప్పుడు దొరికే మిల్లీమీటర్ల సైజు కాస్త పెద్దది, అది వేస్తే పక్కనున్న నీళ్ళ దారిలోకి చిల్లు పడుతుంది. ఫికర్ చెయ్యకు, నేనున్నా కదా అన్నాను.

రెండు వారాలు తిరిగాను. బాలానగర్‌లో కంప్యూటరు మిషన్ల ముందున్న పిల్లలు మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, "ఇంచులేంది తాతా?" అని అడిగారు. చివరికి రాణిగంజ్‌లో ఒక ముసలి సేఠు, అట్టడుగు సొరుగులో నూనె కాగితంలో చుట్టి ఉన్నదాన్ని వెతికి ఇచ్చాడు. ముగ్గురు అన్నదమ్ముల్లో మొదటివాడు ఒక్కడే మిగిలాడు. మొదట అలాగే తిప్పి, తర్వాత మూతి అరగదీసి, మూడోవాడి పని కూడా వాడిచేతే చేయిద్దామనుకున్నాను.

నాలుగు చుట్లు బ్రహ్మాండంగా దిగింది. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి, చేతికి పాత రోజులు తిరిగొచ్చినట్టుగా ఉంది. కానీ ఎదురుగా ఊపిరి బిగబట్టి నిలుచున్న మా బావమరిది ముఖం చూడలేకపోయాను. కాస్త నవ్విద్దామని ఎర్రగాజుల కథ ఎత్తుకున్నాను. బీబీ మాట దగ్గరికి వచ్చేసరికి అతనూ నవ్వాడు, నేనూ నవ్వాను, చేయి మాత్రం వెనక్కి రావడం మరిచి ముందుకే పోయింది. టక్కుమంది.

ట్యాప్ విరిగి, డ్రిల్లుకు కూడా లొంగని ఉక్కు ముక్క రంధ్రంలో ఇరుక్కుంది. ఉలితో తీయబోతే బ్లాకు గోడ వెంట్రుకవాసి పగిలింది. టాంకరు కూడా నా డబ్బా పోయిన దారినే, తూకానికి పోయింది.

ఈ రోడ్డు మీద ఒకప్పుడు పాడైనదేదీ షెడ్డు దాటి పోయేది కాదు, ఏదో ఒక చెయ్యి దాన్ని నిలబెట్టేది. ఇప్పుడు మా షెడ్డు జాగాలో ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. లోకం మారిందని నిందించడానికి నోరు రాదు, డబ్బా అమ్మిందీ నేనే, ఆ నోటితోనే ట్యాప్ విరగ్గొట్టిందీ నేనే.

మా బావమరిది ఇప్పుడు హైటెక్ సిటీలో, మా అమ్మాయి పనిచేసే అద్దాల మేడ దగ్గర, గుండ్రంగా తిరిగే గాజు తలుపు పక్కన నీలం యూనిఫాంలో నిలుచుంటున్నాడు. మా ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయి చాలా రోజులైంది. పోయిన వారం అమ్మాయి మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి, అతన్ని చూసి ఉండబట్టలేక, "ఏం సారూ, మాసొంటోళ్ళను లోపలికి రానిస్తరా?" అన్నాను.

అతను నవ్వలేదు. అప్పటికే తలుపు మీద పడిన నా చేతిని చూశాడు.

"రా బావా. గని చెయ్యి తియ్యి. గిది నేను తిప్పుత."