మార్లిస్ ఇంట పులియని వారం

దేవుణ్ణి నోటితో చెబితే పిల్లల చెవిదాకానే పోతాడని మార్లిస్ నమ్మకం. అందుకే మిస్సోరీలోని ఆ ఇంట్లో బైబిలు పండుగలన్నీ చేతులతో, కాళ్లతో, అప్పుడప్పుడూ జలుబుతో జరిగేవి. పర్ణశాలల పండుగకు పెరట్లో పందిరి వేసి, వానలో కూడా పిల్లల్ని అందులోనే పడుకోబెట్టింది. "ఇశ్రాయేలీయులు కూడా తుమ్మారా అమ్మా?" అని ఆరేళ్ల తిర్సా అడిగితే, "ఎడారిలో నలభై ఏళ్లు తుమ్మారు, పడుకో" అంది.

అన్నిటిలోకీ పులియని రొట్టెల పండుగంటే ఆమెకు ప్రాణం. ఆ వారం ఇంట్లో పులిసినదేదీ ఉండకూడదు. "పొంగేది గర్వం. కాస్త మిగిలినా ఇల్లంతా పాకుతుంది. పొద్దుగూకే లోపల వెతకండి" అని చేతికి టార్చిలైటిచ్చి పిల్లల్ని ఇంటిమీదికి వదిలింది. నాలుగేళ్ల ఆసా సోఫా సందుల్లోంచి పాత రొట్టె ముక్కలు లాగాడు. తిర్సా కుక్క బిస్కెట్లు కూడా లాక్కుని దానికో పాఠం చెప్పింది. వాళ్ల నాన్న డ్వైట్ మిగిలిన డోనట్లన్నీ పికప్ ట్రక్కులో కూర్చుని ఒక్కడే తినేశాడు. "ఇల్లు శుభ్రం చేస్తున్నా, అదీ తప్పేనా?" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఇంత భక్తిలోనూ ఫ్రిజ్‌లో వెనక వరసలో బెర్తా కూర్చుని ఉంది. బెర్తా అంటే రొట్టె పొంగడానికి కలిపే పులిపిండి సీసా. అత్తగారు వెల్మా, తన తల్లినాటి నుంచీ పిండీ నీళ్లూ పోసి బతికించుకొచ్చిన సీసా. చిన్న ఫ్లాటుకు మారుతూ మొన్న చలికాలమే కోడలి చేతిలో పెట్టింది. "నేను పోయినా ఇది పోకూడదు" అంది. వెల్మాది ఇవేవీ చెయ్యని మెథడిస్టు చర్చి, కోడలి పండుగల్ని ఏనాడూ మెచ్చింది లేదు. పెళ్లయ్యాక అత్త తనను నమ్మి ఇచ్చింది అదొక్కటే. పారబోస్తే అత్తకు ఏ మొహం చూపించాలి? ఉంచుకుంటే పిల్లలకు ఏ మొహం చూపించాలి?

పిల్లలు వరండాలో ఉండగా మార్లిస్ ఆ సీసాను తువ్వాల్లో చుట్టి బట్టలారబెట్టే మెషిన్ వెనక దాచింది. కంగారులో ఆ మెషిన్ నడుస్తోందన్న ధ్యాసే లేదు. వెచ్చదనం తగిలితే పులిపిండి ఊరుకుంటుందా?

పొద్దు వాలుతుండగా ఆసా కెవ్వుమన్నాడు. "అమ్మా! గర్వం వచ్చేస్తోంది!"

మూత తోసుకుని, తువ్వాలు తడుపుకుని, నురగలు కక్కుతూ బెర్తా గచ్చుమీదికి వచ్చేసింది.

"ఇది ఇక్కడ ఎవరు పెట్టారు?" అంది తిర్సా, అచ్చం తల్లి గొంతుతో.

మార్లిస్ చూపు ఒక్క క్షణం కుక్క మీదికి పోయింది. కుక్క తల తిప్పుకుంది.

"నేనే" అంది చివరికి.

"ఎందుకమ్మా?"

"నానమ్మ తిడుతుందని."

"దేవుడికన్నా నానమ్మంటేనే భయమా?"

"నాకూ అంతే తల్లీ" అన్నాడు డ్వైట్ గుమ్మంలోంచి.

మార్లిస్‌కు నవ్వు రాలేదు. సీసా తీసుకుని పెరటి చివరి కాలువ దగ్గరికి నడిచింది. పిల్లలిద్దరూ చెరో పక్కనా రెక్కచాటు కోడిపిల్లల్లా నిలబడ్డారు. పారబోస్తుంటే కళ్లనీళ్లు ఆగలేదు. "వెళ్లొస్తావా బెర్తా" అని ఆసా చెయ్యి ఊపాడు. అప్పుడే సూర్యుడు దిగిపోయాడు.

వారమంతా అట్టముక్కల్లాంటి రొట్టెలు నమిలారు. పండుగ వెళ్లిన మర్నాడు వెల్మా వచ్చింది. ఆమె కోటు విప్పకముందే మార్లిస్ ఉన్నదంతా చెప్పేసింది. "మీరిచ్చింది పారబోశానత్తయ్యా. తిట్టండి."

వెల్మా హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, చిన్న సీసా ఒకటి తీసి బల్లమీద పెట్టింది. లోపల బెర్తా బుడగలు తేలుస్తోంది.

"ఏడాదికోసారి ఇల్లు ఊడ్చిపారేసే కోడలికి మొత్తం ఇచ్చేస్తానా? సగం నా దగ్గరే ఉంచుకున్నా. నువ్వు ఇంకేదో పిండి కలిపి ఇదే బెర్తా అని నమ్మిస్తావనుకున్నాను. నిజం చెబుతావనుకోలేదు" అంది.

తిర్సా సీసాలోకి టార్చి వేసి చూసింది.

"పండుగ వారమంతా ఇది నీ ఫ్రిజ్‌లోనే ఉందా నానమ్మా?"

"ఉందే."

"అయితే వచ్చే ఏడు మీ ఇల్లు కూడా మేమే వెతుకుతాం."

వెల్మా మనవరాలిని ఎగాదిగా చూసి, కోడలి వైపు తిరిగింది.

"బాగానే నేర్పావు" అంది.