భజన సమాజానికి రాజీనామా

ఎకనామిక్స్ చదివినవాడు కన్నతండ్రికి ఎంత అన్యాయం చేయగలడో నన్నడగండి. రెండేళ్ల ఎం.ఏ., ఒక తెల్లకాగితం చాలు. నవ్వొస్తే నవ్వుకోండి, చివరికొచ్చాక తిట్టండి.

మాది క్రోసూరు దగ్గర పల్లె. నాన్న ప్రతి శనివారం రామాలయంలో భజనకు తాళాలు వేసేవాడు. డోలక్ వాయించేది ట్రాక్టర్ మెకానిక్ మస్తాను బాబాయి. నేనేమో మతాన్ని ఆర్థికశాస్త్రంతో కొలవడం అప్పుడే నేర్చుకొచ్చాను. ఇక ఆగుతానా!

"నాన్నా, భజనంటే ఒక బీమా. వారంవారం గొంతు చించుకోవడం ప్రీమియం. కష్టమొస్తే నలుగురూ రావడం క్లెయిము."

"మరి రాముడేం చేస్తాడ్రా?"

"ఏజెంటు."

నాన్న నవ్వలేదు. "నేను పోయిన్నాడు పాడె ముందర భజన నడవాలి గదరా?"

"బ్యాండు పెట్టుకుందాంలే!"

అప్పటికే ఆయనకు ఆయాసం. అందుకని భజన సమాజానికి ఆయన పేర రాజీనామా రాశాను. విషయం, తేదీ, 'ఇట్లు తమ విధేయుడు' అన్నీ పెట్టి మరీ! నాన్న సంతకం చేశాడు. చదువుకున్న కొడుకు మాట కాదనడం ఆయనకు చేతకాదు.

మస్తాను బాబాయి షెడ్డులో గ్రీజు చేతులతోనే అది చదివాడు.

"భజనకు రాజీనామా ఏందిరా?"

"ప్రీమియం కట్టనోళ్లం, రేపు క్లెయిము అడగం బాబాయ్. పద్ధతిగా ఉండాలి గదా."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత శనివారాలు మైకులో భజన వినబడితే, నాన్న వసారాలో కూర్చుని కుర్చీ చేతిమీద వేళ్లతో తాళం వేసేవాడు. నేను చూస్తూనే పేపరు చదువుకున్నాను. నా పాపం ఆ పేపరే.

ఎండాకాలం ఒక పొద్దున నాన్న పోయాడు. బ్యాండువాళ్లకు ఫోన్ చేశాను. "పెళ్లిళ్ల సీజను సార్, ఒక్కడూ ఖాళీ లేడు" అన్నారు. పాడె సిద్ధమైంది. భజనవాళ్లను పిలవడానికి నాకు మొహం లేదు. నా శాస్త్రం ప్రకారం వాళ్లు రాకూడదు కూడా.

వీధి మొదట్లో డోలక్ మోగింది. భజన సమాజమంతా కదిలొచ్చింది, ముందు మస్తాను బాబాయి.

"బాబాయ్... మేం రాజీనామా..." అంటూ ఏడ్చేశాను.

ఆయన జేబులోంచి గ్రీజు మరకల కాగితం తీశాడు. "దీన్ని మేం ఆమోదిస్తేగా! మీ నాన్న ఇంకా మావోడే. నువ్వు ముందు నిప్పుకుండ పట్టుకోరా."

ఆ నిప్పుకుండ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక దేవుణ్ని ఏజెంటు అనను. ఇంకొకరి పేర రాజీనామా రాయను. ఇప్పుడు శనివారాలు నాన్న తాళాలు నేనే వేస్తున్నాను. వినేవాళ్లు నన్ను రాజీనామా చెయ్యమని బతిమాలుతున్నారు. చచ్చినా చెయ్యను.