పోయొస్తానన్న అత్త

ఇప్పుడు నాలాంటివాళ్ళకు డాక్టర్లు ఒక పేరు పెట్టారని మా తమ్ముడి మనవరాలు చెబుతుంది. తెల్లదొరల కాలంలో గిద్దలూరులో అంత పెద్ద పేర్లు లేవు. వీధి వీధంతా నన్ను తిక్కపిల్ల అనేది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు.

మనుషులు పైకి అనేది ఒకటి, లోపల అనుకునేది ఒకటి. అది కనిపెట్టడానికే నాకు పొద్దంతా సరిపోయేది. దీపాలు పెట్టే వేళకు కట్టెలు కొట్టినంత అలసట. చిన్నప్పుడు చుట్టాలు "పోయొస్తాం" అని లేస్తే, వస్తారు కదా అని అరుగు మీద కూర్చునేదాన్ని. అన్నానికి పిలిచినా కదిలేదాన్ని కాదు. చివరికి అమ్మ విసిగిపోయింది.

"ఆ మాటకు ఇంక రారనే అర్థం. ఉత్త పోతామంటే బాగుండదని అట్ల అంటారు. తెలిసిందా?"

తెలిసింది. గట్టిగా గుర్తు పెట్టుకున్నాను.

ఆ పద్దెనిమిదో ఏట ఎండాకాలంలో కంభం నుంచి మా మేనత్త వచ్చి చాలా రోజులే ఉంది. సాయంత్రం రైలుకు బయలుదేరుతూ నా తల నిమిరి, "పోయొస్తానే కోడలా" అంది. తల నిమిరితే నాకు గిట్టదు. ఓర్చుకున్నాను.

ఆమె ఎక్కిన బండి వీధి మలుపు తిరగగానే నేను పనిలోకి దిగాను. ఆమె పరుచుకున్న బొంతను తొట్లో నానబెట్టాను. మంచం ఎత్తి గోడకు నిలబెట్టాను. మిగిలిన అన్నం, పప్పు బర్రె కుడితిలో కలిపేశాను. ఇల్లు మళ్ళీ ఎప్పటిలా అయిందని ఊపిరి పీల్చుకునేసరికి, వాకిట్లో అత్త నిలబడి ఉంది. రైలు తప్పిపోయిందట.

"రానని చెప్పి వచ్చినావేంది అత్తా?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. మంచాన్ని చూసింది. నీళ్ళలో తేలుతున్న బొంతను చూసింది.

"నేనెప్పుడు పోతానా అని కాచుకొని ఉన్నారేంది మీరంతా?"

"అది తిక్కది వదినా, దాని మాట పట్టించుకోవద్దు" అంటూ అమ్మ మళ్ళీ పొయ్యి రాజేసింది. నాయన తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

అన్నం తింటూ అత్త నన్ను దగ్గరికి పిలిచింది. "నిజం చెప్పు. నేనుంటే నీకు కష్టంగా ఉందా?"

"గురక పెడతావు. నశ్యం వాసన నాకు పడదు. తక్కినదంతా ఇష్టమే. నువ్వుంటే అమ్మ నన్ను తక్కువ తిడుతుంది."

అత్తకు పొలమారింది. దగ్గి దగ్గి నవ్వింది. నశ్యం డబ్బీ తీసి అమ్మ చేతికిచ్చి, రేపటిదాకా దాచిపెట్టమంది. బొంత తడిసింది గనుక నా పక్కనే చాప మీద పడుకుంది. గురక మాత్రం మామూలుగానే పెట్టింది.

మర్నాడు ఆమె బయలుదేరే వేళకు, బర్రెను చూస్తుండమని అమ్మ నన్ను పెరట్లోకి పంపింది. అప్పటినుంచి ఏ చుట్టం లేచినా నాకు అదే పని. అది నీకు శిక్ష అని తమ్ముడు చాలా ఏళ్ళకు చెప్పాడు. నేనేమో నా అలుపు చూసి అమ్మ జాలిపడిందనుకున్నాను. పెరటి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేదాన్ని. వాకిట్లో వాళ్ళ మాటలు ఇంకా చాలాసేపు సాగేవి.