ముందు తెరచాపకు మార్కులు

మా పడవ ముందు తెరచాప చిరిగింది మా ఆయన వల్లేనని నేను కనీసం ఇరవై మందికి చెప్పి ఉంటాను. ఆఫీసు క్యాంటీన్‌లో చెప్పాను, లిఫ్టులో చెప్పాను, మా అత్తగారి ఎదుటా చెప్పాను. "తెరచాప పదేళ్లు ఆగింది, ఈయన ఒక్క గాలికి ఆగలేకపోయాడు" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. తనూ నవ్వేవాడు.

హుస్సేన్‌సాగర్‌లో చిన్న పడవల మీద నేర్చుకున్న ధైర్యంతో ఇద్దరం కలిసి కొన్న పాత పడవ అది. గోవాలో ఒక నది ఒడ్డున ఉంటుంది. నెలకోసారి బస్సెక్కి వెళ్లేవాళ్లం. భుజానికి ఆపరేషన్ అయిన ఏడాదికి ఆయన మళ్లీ నాతో వచ్చాడు. నదిలోంచి సముద్రంలోకి వెళ్లగానే గాలి పెరిగింది. నేను చుక్కాని దగ్గర ఉన్నాను, తెరచాప తాడు బిగించే వించ్ పిడి ఆయన చేతిలో ఉంది. భుజం పట్టేసి పిడి వదిలేశాడు. తాడు జారిపోయింది. వదులైన గుడ్డ టపటపా కొట్టుకుని కొట్టుకుని నిలువునా చిరిగింది.

"నీ చేతగాదు లేబ్బా, పోయి ఒక పక్కన కూచో" అని అరిచాను. కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను చాలా భయపడ్డాను. ఆ భయానికి ఎవరో ఒకరు శిక్ష అనుభవించాలి కదా, ఆయన దొరికాడు.

కొలతల కోసం ఆ చిరిగిన తెరచాపను సంచిలో కుక్కి కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంటుకు తెచ్చాం. ఇంట్లో చోటు చాలక ఆదివారం పొద్దున్నే బ్యాడ్మింటన్ కోర్టులో పరిచాం. అసోసియేషన్ సెక్రటరీగారు వాకింగ్ ఆపి మరీ వచ్చారు.

"ఏంది మేడం, షామియానా వేస్తున్నరా? ఎవరింట్ల ఫంక్షన్?"

"మా ఆయన చేతికి సంవత్సరీకం సార్" అన్నాను.

టేపు రెండో కొస పట్టుకుని మోకాళ్ల మీద ఉన్న మా ఆయన తల ఎత్తలేదు. ఈసారి నవ్వలేదు కూడా.

కొత్తది ఏ సైజులో కుట్టించాలన్నదే తేలాలి. పెద్దదైతే పడవ మధ్యలో తెరచాపలు కట్టే స్తంభం దాటి వెనక్కి వస్తుంది. కాస్త గాలికే పడవ పరుగెడుతుంది, కానీ మలుపు తిరిగినప్పుడల్లా అంత గుడ్డనూ ఇటు నుంచి అటు లాగాలి. చిన్నది స్తంభం ముందే ఆగుతుంది. వేగం తగ్గుతుంది, లాగడం తేలిక.

"జర చిన్నది తీస్కుందాం. చిన్నదైతే నేను గుంజగల్గుతా" అన్నాడు.

ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. పెద్దది వస్తే తనకు పడవలో పని ఉండదు, పని లేకుండా ఊరికే కూర్చోవడానికి తను రాడు. అది ఇద్దరికీ తెలుసు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెయ్యి చాలక తెరచాప పెద్దదంటావా?" అన్నాను.

కుదరదని మొహం మీద చెప్పేసినా బాగుండేది. నేను ఆఫీసు పని చేశాను. మా దగ్గర ఏది కొనాలన్నా ఎక్సెల్ షీటులో మార్కులు వేస్తాం. ఏది కొనాలో పైవాళ్లు ముందే అనుకుంటారు, అది గెలిచేదాకా మార్కులు సర్దడం కిందివాళ్ల పని. నేను వేగానికి నలభై పెట్టాను, లాగడంలో సులువుకు ఐదు. పెద్ద తెరచాప గెలిచింది. ఆ షీటును పక్క గదిలో ఉన్న మనిషికి మెయిల్ చేశాను.

ఆయనా ఈ హైటెక్ సిటీలోనే పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నవాడు. ఇలాంటి షీట్లు ఎన్ని చూశాడో. ల్యాప్‌టాప్‌తో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"గీ ఐదు మార్కులు ముందుగాల వేసినవా, పెద్దది గెల్వాలని వేసినవా?"

"నచ్చకపోతే నువ్వే మార్చుకో" అన్నాను.

మార్చలేదు. 'ఓకే' అని జవాబు పంపాడు. సిగ్గు లేకుండా సంతోషించాను.

మరుసటి శనివారం తెరచాపలు కుట్టే పెద్దమనిషితో వీడియో కాల్‌లో మాట్లాడాం. కాకినాడ నుంచి వెళ్లి చెన్నైలో స్థిరపడ్డవారు. పెద్దదానికి కొలతలన్నీ రాసుకుని, గుడ్డ రకం అడిగి, చివర్లో అడిగారు.

"తాళ్లు లాగడానికి పడవ మీద ఎంతమంది ఉంటారండీ?"

ఇద్దరం అనబోయాను. నా నోటికి అలవాటైన మాట అది.

"ఒక్కతే" అన్నాడు మా ఆయన నా పక్క నుంచి. "ఆమె ఒక్కతే ఉంటది సార్."

"అమ్మో, అయితే పెద్దది వద్దండీ. గాలి పెరిగితే ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. చిన్నదే కుట్టించుకోండి."

మేం మార్కులు కూడా వేశామని ఏదో చెప్పబోయాను. ఆ పెద్దమనిషి వినిపించుకోలేదు.

"చిన్నదే కుట్టుండ్రి సార్" అన్నాడు మా ఆయన. "ఆమె పైలంగ ఉండాలె."

కాల్ అయ్యాక, చిన్నదే కదా, నువ్వూ రావచ్చు కదా అన్నాను. అంతకుముందు నేనెప్పుడూ ఆయన్ని అలా బతిమాలలేదు. రానన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు పడవకు ఉన్నది ఆ చిన్న తెరచాపే. బాగా కుట్టారు. ఆపరేషన్ అయిన చేత్తో కూడా లాగొచ్చు, అంత తేలిగ్గా వస్తుంది. నేనొక్కదాన్నే లాగుతాను.