మూడు గదుల్లో ఒక గొంతు

ఎల్‌బీ నగర్‌లో నేను అద్దెకుండే ఇంటి మేడ మీద, మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎండ నా బల్ల దాకా వచ్చి ఆగేది. భోజనం చేసి లాప్‌టాప్ ముందు కూర్చుంటే కళ్ళు వాలిపోయేవి. సరిగ్గా ఆ వేళకే కింది వాటాలో ఇంటావిడ పాట మొదలయ్యేది. పప్పు ఏరుకుంటూనో, బట్టలు మడతపెట్టుకుంటూనో, తన కోసం తను పాడుకునే పాట. మెట్ల మీదుగా ఆ గొంతు పైకొచ్చేసరికి మాటలు అరిగిపోయి రాగం ఒక్కటే మిగిలేది. నేను సగం నిద్రలో, సగం ఆఫీసు పనిలో ఉండి వినేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, ఆ రెండేళ్ళ నా ఉద్యోగమంతా ఆ రాగం మీదే నడిచిందనిపిస్తుంది.

మాది గోదావరి జిల్లా. ఆవిడది ఇబ్రహీంపట్నం దాటాక ఉండే ఒక ఊరు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. కాలనీలో అందరూ ఆంటీ అంటే నేను మాత్రం పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొదట్లో ఆవిడ మాట నాకూ, నా మాట ఆవిడకూ కొంచెం కొంచెం జారిపోయేవి. తర్వాత అలవాటైపోయింది.

నేనేం ఉద్యోగం చేస్తానో ఆవిడకు చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. ఎవరెవరో రాసిన వెబ్ యాప్‌లను, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద పెద్ద కంప్యూటర్లలో, ఒక్కోదాన్నీ ఒక్కో విడి గదిలో పెట్టి నడపడం నా పని. ఒక గదిలో ఉన్నదానికి పక్క గది సంగతి తెలియదు. వాడే జనం ఎక్కువైతే అదే యాప్‌కి అచ్చం అలాంటి గదులే ఇంకో రెండు, ఇంకో నాలుగు తెరుచుకుంటాయి. జనం తగ్గగానే వాటంతటవే మూసుకుపోతాయి. ఎవరూ తలుపు తీయరు, ఎవరూ గొళ్ళెం పెట్టరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో, ఫ్యాను తిరగని మూడో అంతస్తులో, చెమటలు కక్కుతూ నేర్చుకున్న విద్య ఇది.

"అంటే కిరాయికిస్తవన్నట్టు," అంది అంతా విని. "మరి ఖాళీ జేసినంక గోడలకు సున్నమేస్తవా?"

"అసలు గదే ఉండదు పెద్దమ్మా. గదితో పాటు లోపలున్నదంతా పోతుంది."

"ఇదేం కిరాయి బిడ్డా," అని నవ్వింది. నేనూ నవ్వాను.

మా కాలనీలో బతుకమ్మ పండక్కి పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ చరణం అంటుంటే మిగతావాళ్ళు చుట్టూ తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, ఉయ్యాలో అని వంత పలికేవాళ్ళు. అంతవరకే వాళ్ళకు వచ్చు. ఆవిడ ఉండగా చరణాలు నేర్చుకోవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. ఆ సంవత్సరం వానాకాలంలో ఒక మధ్యాహ్నం పాట వినబడలేదు. కాసేపటికి పెద్దమ్మే మెట్లెక్కి పైకొచ్చి నా మంచం అంచున కూర్చుంది. గొంతులో గడ్డ ఉందట. మలక్‌పేటలో ఒక దవాఖానలో చూపించుకుని వచ్చిందట. కోసి తీసెయ్యాలి, ప్రాణానికి భయం లేదు, కానీ గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేమన్నారట.

"పాటలు నాతోని పోవద్దు బిడ్డా," అంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. "నీ గదులల్ల నా పాటలు పెడతవా?"

నాకు గర్వంతో ఒళ్ళు పొంగిపోయింది. దాచను, పొంగింది. నా విద్య ఒక మనిషికి సూటిగా పనికొచ్చే అవకాశం అదే మొదటిసారి. రెండు ఆదివారాలు కూర్చుని చిన్న యాప్ చేశాను. ఒక ఎర్ర బటన్ నొక్కితే పాట రికార్డవుతుంది, కింద పాటల పేర్ల జాబితా ఉంటుంది, పేరు నొక్కితే పాట మోగుతుంది. అంతే. దాన్ని తీసుకెళ్ళి ఒక గదిలో పెట్టాను. జనం పెరిగితే గదులు పెరిగే ఏర్పాటు కూడా చేశాను. చూపించుకోవాలన్న సరదా తప్ప దానికి అంత అవసరం లేదు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పే మాట ఒకటుంది. గదిలో విలువైనదేదీ ఉంచకండి, అది ఏ క్షణాన మూసుకుపోతుందో తెలియదు, దాచాల్సింది బయట, శాశ్వతంగా ఉండే చోట దాచండి. ఈ ఒక్క సంగతి మీద నేనెంతమందిని ఏడిపించానో నాకే లెక్కలేదు. అలాంటిదాన్ని, పాటల పేర్లు మాత్రం బయట రాసి, పాటల్ని గదిలోనే వదిలేశాను. ఇంటి పనే కదా, కస్టమర్లు లేరు, అడిగేవాళ్ళు లేరు, బయటికి మార్చడం వచ్చే వారం చూద్దాం అనుకున్నాను. ఆ వచ్చే వారం రాలేదు.

పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం రెండు మూడు పాటలు పెట్టేది. ఫ్యాను ఆపేసి, కిటికీ మూసి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఎక్కడో పక్కింట్లో కుక్కర్ కూత, వీధిలో ఉల్లిపాయల బండివాడి కేక, అవన్నీ పాటలోకి వచ్చిపడేవి. ఒక్కోసారి నేను కిందికెళ్ళి గడప మీద కూర్చునేదాన్ని. ఉక్కపోతలో ఆ గొంతు వింటూ కూర్చుంటే నేను చూడని పొలాలు కనపడేవి, వాటి మధ్య ఎవరో చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వంగి నాట్లు వేస్తుండేవాళ్ళు. పండగలో అందరూ పాడుకునే పాటలు ముందు పెట్టేసింది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవి, ఇప్పుడు ఎవరికీ రానివి, చివరికి దాచుకుంది.

ఈలోగా తొమ్మిది రోజుల పండగ మొదలయింది. మా యాప్ లింకు కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి కర్మన్‌ఘాట్ వెళ్ళింది, అక్కణ్ణుంచి బాలాపూర్ వైపు వెళ్ళింది. సాయంత్రాలు బతుకమ్మ పేర్చుకుంటూ వందల మంది ఆడవాళ్ళు ఒకేసారి పెద్దమ్మ పాటలు పెట్టుకునేవాళ్ళు. నా తెర మీద ఒక గది, అప్పటిదాకా పెట్టిన పాటలతో సహా, మూడయింది. నేను వీధి చివర నిలబడి, ఏదో ఇంట్లోంచి ఆవిడ గొంతు, ఇంకో ఇంట్లోంచి అదే గొంతు ఒక చరణం వెనగ్గా, గాల్లో కలిసిపోతుంటే విన్నాను. పెద్దమ్మ మాత్రం నా పక్కనే పూల పళ్ళెం పట్టుకుని నోరు మెదపకుండా నిలబడి ఉంది. అది నిజంగా జరిగిందా, కలగన్నానా అని ఇప్పటికీ ఒక్కోసారి అనుమానం వస్తుంది.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ ఒక మాట చెప్పింది. "నిన్న పెట్టిన పాట నా ఫోన్ల మోగుతున్నది, మా చెల్లె ఫోన్ల మోగుతలేదు." వరసకు చెల్లెలు, ఆమెది ఎదురిల్లే.

"పిన్నిగారి ఫోన్ పాతది పెద్దమ్మా," అన్నాను.

మర్నాడు మళ్ళీ వచ్చింది. "ఇయ్యాల ఆమె ఫోన్ల మోగుతున్నది, నా ఫోన్ల పేరున్నది గని పాట లేదు. ఏందో జర చూడు బిడ్డా."

నాకు ముక్కు మీదే కోపం. ఆఫీసు పని మధ్యలో లేచి, నా ఫోన్ తీసి, ఎర్ర బటన్ నొక్కి ఒకటీ రెండూ మూడూ అని చెప్పి, ఆవిడ ముందే మోగించి చూపించాను. మోగకేం, నేను పెట్టిన గదిలోనే నేను వింటున్నాను. "చూశారుగా, బానే ఉంది. సిగ్నల్ అయ్యుంటుంది," అన్నాను.

"సదువుకున్నదానివి, నువ్వు జెప్తే సరే," అని కిందికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంక అడగలేదు. వాళ్ళమ్మ పాటలు పెడుతూనే ఉంది. తలుపు తెరిచిన పూట ఏ గది దొరికితే ఆ గదిలో.

పండగయిన మూడో రోజున ఆపరేషన్. ఆవిణ్ణి దవాఖానకు పంపి నేను పైకొచ్చి టీ పెట్టుకున్నాను. తెర మీద జనం తగ్గిపోతున్నారు. మూడు గదులు రెండయ్యాయి, రెండు ఒకటయింది. నేను ఏర్పాటు చేసింది చేసినట్టు నడుస్తుంటే ముచ్చటగా చూస్తూ టీ తాగాను.

రెండు రోజుల తర్వాత వాళ్ళ చెల్లెలు మెట్లెక్కి వచ్చింది. "అక్క పాట ఇనబుద్దయింది. పేర్లున్నయి, నొక్కితే ఏం ఒస్తలేదు," అంది. నేను నొక్కి చూశాను. ముందు పెట్టిన పండగ పాటలన్నీ మోగాయి. తర్వాతవి పేర్లు పేర్లుగా ఉన్నాయి, గొంతు లేదు. పదకొండు పాటలు. అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు, గదులు మూడయ్యాక పెట్టిన ఈ పాటలు ఆ మూసుకుపోయిన రెండింట్లోనే పడ్డాయని. సాయంత్రం దాకా వెతికాను, వెతకడానికి ఏమీ లేదని తెలిసీ వెతికాను. మూసుకుపోయిన గది ఆనవాలు కూడా మిగలదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఎవరున్నారు?

పెద్దమ్మ మెడకు పట్టీతో ఇంటికొచ్చింది. కొన్ని వారాలు మాట్లాడొద్దన్నారు. నేను పక్కన కూర్చుని, తప్పు ఫోన్‌ది కాదు, సిగ్నల్‌ది కాదు, నాది అని చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ నెలంతా నేను గిన్నెలో పెట్టి పంపిన కూర పంపినట్టే తిరిగొచ్చేది. మెట్ల మీద ఎదురైతే పక్కకు జరిగి దారిచ్చేది. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం రెండయితే ఎండ వచ్చేది, నేను మేలుకునే ఉండేదాన్ని.

నెల దాటాక ఒక రోజు కబురంపింది. నోటు పుస్తకం తెచ్చుకోమంది. కొత్త గొంతు బొంగురుగా, తడవకొక మాట తెగిపోతూ వచ్చింది.

"రాగం ఒస్తలేదు. మాటలున్నయి. రాస్కో."

నాలుగు మధ్యాహ్నాలు రాసుకున్నాను. పదకొండు పాటలూ మామూలు మాటల్లా చెప్పింది, ఊరు పేరు, మనిషి పేరు చెప్పినట్టు. అయిపోయాక కాలనీ ఆడవాళ్ళను వరండాలో కూర్చోబెట్టింది. నేను కాగితాలు పంచాను. ఏ రాగంలో పాడాలో ఎవరికీ తెలియదు. రెండేళ్ళు సగం నిద్రలో విన్న నాకూ ఏ మాటలది ఏ రాగమో చెప్పడం చేతకాలేదు. చివరికి వాళ్ళ చెల్లెలే తెగించి, తనకు తెలిసిన ఏదో బతుకమ్మ పాట రాగంలో మొదటి చరణం ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. పెద్దమ్మ వాళ్ళమ్మ నాట్ల పాట పండగ పాటలా నడుస్తోంది.

పెద్దమ్మ చెయ్యెత్తింది. అందరూ ఆగారు.

"గట్లగాదు," అంది. అసలుది ఎలాగో చూపిద్దామని నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మెడ మీద గాటు ఎర్రగా కదిలింది తప్ప స్వరం పలకలేదు. మేమంతా చేతుల్లో కాగితాలు చూసుకుంటూ కూర్చున్నాం. తల ఎత్తే ధైర్యం నాకు లేదు.

ఆవిడ చెంబులోంచి రెండు గుక్కలు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"గట్లగాదు గని," అంది, "గట్లనే పాడుర్రి."